టాపు తీస్తే ఆకాశం... వేస్తే గొడుగు!

కార్తీకమాసం. ఆదివారం తెల్లవారుజాము. కొల్లేటి ఒడ్డున వనభోజనం. పులిహోర గిన్నెలు, అరిటాకుల కట్ట, మంచినీళ్ల క్యాను సర్దేశారు. వాకిట్లో పాత జీపు సిద్ధంగా ఉంది. ఎక్కబోయే ముందు మాత్రం ఇంటిల్లిపాదీ తలెత్తి ఆకాశంవంక చూస్తారు. మబ్బుందా? టాపు తీద్దామా, ఉంచుదామా? తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు మీదుగా కొల్లేరు దాకా సాగే ఈ దారిలో అది చిన్న ప్రశ్నేం కాదు. ఎందుకంటే, ఇక్కడ ఆకాశాన్ని చూడ్డానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆ ఆకాశమే ఎప్పుడు నెత్తిన కురుస్తుందో ఎవరూ చెప్పలేరు!

రన్‌వే ఉన్న ఊళ్లో...

తాడేపల్లిగూడెం అనగానే చాలామందికి ఉల్లిపాయల మార్కెట్టు గుర్తొస్తుంది. ఇప్పటి పిల్లలకైతే 2015లో వచ్చిన నిట్‌ గుర్తొస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లని కదిపితే మాత్రం మాట విమానాల మీదికి మళ్లుతుంది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ విమానాలు దిగడానికి ఓ రన్‌వే కట్టారు. యుద్ధం అయిపోయింది. విమానాలు వెళ్లిపోయాయి. రన్‌వే పేరు మాత్రం ఊరి కబుర్లలో ఉండిపోయింది.

ఆ యుద్ధమే లోకానికి పరిచయం చేసిన మరో బండి జీపు. అమెరికా సైన్యం కోసం విల్లీస్‌, ఫోర్డ్‌ కంపెనీలు 1941 నుంచి 1945 దాకా ఆరు లక్షలకు పైగా జీపుల్ని తయారుచేశాయి. అరవై గుర్రాల శక్తి ఉన్న ఇంజిను, నాలుగు చక్రాలకీ అందే బలం, ఎటుచూసినా తెరిచి ఉండే ఒళ్లు... అంతే జీపంటే. తలుపుల్లేవు. పైకప్పుగా రెండు వంపు కమ్ముల మీద పరిచిన కాన్వాస్‌ గుడ్డ. అక్కర్లేదనుకుంటే గుడ్డ చుట్టేసి, కమ్ములు వెనక్కి మడిచేసి, ముందు అద్దాన్ని కూడా బానెట్‌ మీదికి పడుకోబెట్టొచ్చు. సైనికుడికి నాలుగు దిక్కులా కనపడాలి, దిగాలనుకుంటే క్షణంలో దిగిపోవాలి. అందుకోసం చేసిన ఏర్పాటది. షికారు కోసం కాదు!

షికారు సంగతి తర్వాత వచ్చింది. మనదేశంలో 1947లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్‌ జీపుల్ని బిగించి అమ్మడం మొదలుపెట్టాక, అది ఊరూరికీ చేరింది. బీడీవోగారి జీపు, పోలీసు జీపు, ఎన్నికల జీపు, కొత్త సినిమా వచ్చిందని మైకులో చెప్పుకుంటూ కరపత్రాలు విసిరే జీపు... డెల్టా పల్లెల్లో ఓ తరం పిల్లలు ఆ కాగితాల కోసం దుమ్ములో పరిగెత్తి పెరిగారు. సర్కారు జీపుకి టాపు ఉండేది. ప్రచారం జీపుకి ఉండేది కాదు. టాపు లేకపోతే నాయకుడు నిలబడి దండం పెట్టొచ్చు మరి!

గుడ్డే కదా అనుకోవద్దు

టాపు తీయడం రెండు నిమిషాల పని. వేయడమే అసలు పని. టాపులు కుట్టే మేస్త్రీని ఎవరిని కదిపినా ముందు చెప్పే మాట ఒకటే... ‘బండిని ముందు చదును నేల మీద పెట్టండి బాబుగారూ!’

అందులో చాలా అర్థం ఉంది. పైకప్పు గట్టిగా అతికి ఉన్న కారుకి ఆ కప్పే సగం బలం. అట్టపెట్టె మూత తీసి రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పితే ఎలా వంగుతుందో, కప్పులేని బండి కూడా అలాగే ఎంతోకొంత వంగుతుంది. ఓ చక్రం గట్టు మీదా, మరో చక్రం గుంటలోనూ పెట్టి టాపు బిగిస్తే అప్పటికి సరిగ్గానే కూర్చున్నట్టు కనిపిస్తుంది. రోడ్డు మీదికి రాగానే ఓ పక్క లాగుతుంది, ఓ పక్క వదులవుతుంది. జాకీ మీద ఎత్తినప్పుడు బిగించినా ఇదే తంతు. నాలుగు చక్రాలూ నేలమీద ఉండాలి. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. అప్పుడే కొలతకి అర్థం.

ఇక గుడ్డ సంగతి. నూలు కాన్వాస్‌ తడిస్తే దారాలు ఉబ్బుతాయి. సందులు మూసుకుపోతాయి. అందుకే అంత సన్నని గుడ్డ అంత వానని ఆపగలుగుతుంది. కానీ తడిసిన గుడ్డ కాస్త కుంచించుకుపోతుంది కూడా. ఎండలో ‘ఎంత బాగా బిగిసిందో’ అని మురిసిపోతూ పట్టీలన్నీ ఆఖరి కన్నం దాకా లాగేస్తే, మొదటి వానకే కుట్లు తెగుతాయి. కొంచెం వదులు ఉంచాలి. మరీ వదిలినా కష్టమే. మధ్యలో గుంటపడి నీళ్లు నిలిచి, బ్రేకు వేయగానే బిందెడు నీళ్లు డ్రైవరు మెడమీద పడతాయి!

వేసేటప్పుడు వరస కూడా ఉంది. మొదట ముందు అద్దం ఫ్రేముకి. తర్వాత నడిమధ్య నుంచి వెనక్కి. ఆపైన కుడి ఎడమలకు మార్చి మార్చి ఒక్కో పట్టీ. పక్క తెరలు ఆఖరున. ఒక వైపంతా కట్టేసి రెండో వైపుకి వస్తే టాపు వంకరపోతుంది. మంచం నవారు బిగించిన చేతులకి ఈ విషయం ఎవరూ చెప్పక్కర్లేదు.

తడిసిన గుడ్డని లోపలినుంచి వేలితో తాకకూడదన్నది పిల్లలకు చెప్పాల్సిన మాట. తాకినచోట నీళ్లు దారి చేసుకుని లోపలికి జారతాయి. తడిగుడ్డని అలాగే మడిచిపెడితే బూజు పట్టి ఓ సీజన్‌తో సరి. అందుకే ఈమధ్య చాలామంది కాన్వాస్‌ బదులు రెగ్జిన్‌ వేయిస్తున్నారు. అది ఉబ్బదు, కుంచించుకుపోదు. కాకపోతే ఎండకి పెళుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. దేని గుణం దానిది!

కాలువ పక్కన...

గూడెం దాటాక జాతీయ రహదారి మీద ఉంగుటూరు, నారాయణపురం, చేబ్రోలు, కైకరం, పుళ్ల, భీమడోలు, గుండుగొలను... ఊరి తర్వాత ఊరు. వాటికి తోడుగా ఏలూరు కాలువ. అద్దాలు బిగించుకున్న కారులో అయితే ఇవి పేర్లు మాత్రమే. టాపు తీసిన బండిలో ఒక్కో ఊరికీ ఒక్కో వాసన. కోతకొచ్చిన వరి, కాలువ గట్టు తడి, టీ కొట్టు పాలపొంగు, ఐసు కరిగిన నీళ్లు కార్చుకుంటూ వెళ్లే చేపల లారీ. ఆఖరిదానికి ముక్కు మూసుకోవాల్సిందే కానీ, ఆ లారీ ఎక్కడినుంచి వస్తోందో చూడ్డానికే కదా ఈ ప్రయాణం!

అయితే ఒక్క జాగ్రత్త. పాత జీపులకి బోల్తాపడితే కాపాడే గొట్టపు చట్రం ఉండదు. చాలావాటికి బెల్టులూ ఉండవు. అవి ఏర్పాటు చేయించుకున్నాకే, అదీ నెమ్మదిగా, పొలాల దారుల్లోనే టాపు తీయడం మేలు. హైవే మీద లారీల మధ్య పిల్లల్ని వెనక నిలబెట్టి నడపడం సరదా కాదు. చున్నీలు, కండువాలు గాలికి ఎగరకుండా చూసుకోవాలి. మరో సంగతి... టాపుతో వచ్చిన బండికి టాపు తీయొచ్చు. అంతేకానీ రేకు కప్పున్న కారుని కోయించి ఓపెన్‌ టాప్‌ చేయించుకుంటే మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని పాత బండ్లను ‘వింటేజ్‌’ కింద రిజిస్టరు చేసుకునే వీలు 2021 జులైలో వచ్చింది. వాటి నంబరు పలకల మీద ‘వీఏ’ అని ఉంటుంది. కాకపోతే వాటిని రోజువారీ పనులకు తిప్పకూడదు.

రేకు టాపు లెక్కే వేరు!

ఏలూరు... పాతపేరు హేలాపురి. కృష్ణ నుంచి వచ్చే కాలువా గోదావరి నుంచి వచ్చే కాలువా కలిసే ఊరు. ఉన్ని తివాచీలకు పేరుపడ్డ ఊరు. ఒకప్పుడు ఈ వీధుల్లో తెరిచి మూసే టాపంటే రిక్షా టాపే. ఎండెక్కితే రిక్షా అతను వెనక్కి చెయ్యి చాచి ఒక్క లాగు లాగేవాడు. కమ్ములు విసనకర్రలా విచ్చుకుని నెత్తిమీద నీడ పడేది. వానొస్తే ముందు ఓ పరదా. లోపల కూర్చున్న అమ్మమ్మకీ మనవడికీ అదో చిన్న ఇల్లు. ఆటోలొచ్చాక ఆ టాపు కదలడం మానేసింది.

గుడ్డ టాపుతో విసిగిపోయినవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం పుట్టిందే ఊడదీసి పెట్టుకునే గట్టి పలకల కప్పు. ఇంగ్లండ్‌లో 1961లో వచ్చిన ట్రయంఫ్‌ టీఆర్‌4 కారులో వెనక అద్దం స్థిరంగా ఉండేది, మధ్య పలక తీసేయొచ్చు. జర్మనీ పోర్షె కంపెనీ 1965లో 911 టార్గా చూపించింది. సిసిలీ దీవిలో జరిగే టార్గా ఫ్లోరియో రేసు పేరు అది. తలవెనక వెడల్పాటి ఉక్కు పట్టీ... బోల్తాపడితే కాపు. మామూలుగా అయితే పైపలక తీసి డిక్కీలో పెట్టుకోవచ్చు. అమెరికాలో 1968 కార్వెట్‌తో ‘టీ-టాప్‌’ వచ్చింది. ముందు అద్దం నుంచి వెనక దాకా నడిమధ్యలో ఓ పట్టీ, దానికి అటో పలక ఇటో పలక. పైనుంచి చూస్తే ఇంగ్లిషు ‘టీ’ అక్షరంలా ఉంటుందని ఆ పేరు. ఆ ఊహకి 1951లోనే పేటెంటు తీసుకున్నాయన గోర్డన్‌ బ్యూరిగ్‌ అనే కార్ల రూపశిల్పి. బోల్తా భద్రత నిబంధనలు వస్తాయన్న భయంతో అమెరికా కంపెనీలు పూర్తిగా తెరుచుకునే కార్లను ఒక్కొక్కటిగా ఆపేస్తున్న రోజుల్లో, ఈ మధ్యేమార్గం బాగా అమ్ముడుపోయింది. 1977లో వచ్చిన ‘స్మోకీ అండ్‌ ది బాండిట్‌’ సినిమాలో నల్ల పాంటియాక్‌ ట్రాన్స్‌యామ్‌ పరుగులు చూశాక కుర్రకారు దానికోసం వెర్రెత్తిపోయారు.

మన జీపులోనూ ఆ ఆలోచన కనిపిస్తుంది. వానాకాలంలో గుడ్డ, ఎండాకాలంలో ఏమీ లేకుండా, వద్దనుకుంటే పైబర్‌ టాపు. 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి, 2010లో వచ్చిన మహీంద్రా థార్‌కి టాపులు మార్చి వేయించుకున్నవాళ్లు గోదావరి జిల్లాల్లో కోకొల్లలు. అప్పుడు మొదలయ్యేదే నీళ్లు కారే గొడవ. గట్టి టాపు గుడ్డలా సర్దుకుపోదు. దాని కొలత దానిది, బండి కొలత బండిది. రెంటికీ మధ్య రాజీ కుదిర్చేది రబ్బరు బీడింగ్‌ ఒక్కటే!

నీళ్లు కారగానే చాలామంది చేసే తప్పు, లాకుల్ని ఇంకా ఇంకా బిగించడం. దాంతో బీడింగ్‌ నలిగిపోతుంది, పలక పగులుతుంది. కారడం ఆగదు. ఎందుకంటే తప్పు చాలాసార్లు పైన ఉండదు. కింద ఉంటుంది. కీలు అరిగి తలుపు జారిపోతుంది. తలుపుతోపాటు అద్దమూ జారుతుంది. అద్దానికీ పలకకీ మధ్య సందు ఏర్పడుతుంది. తలుపు సరిచేయకుండా పలకతో కుస్తీ పడితే సాయంత్రమైనా తెమలదు.

టాపు సరిచేసుకోవాలంటే...

బండిని చదును నేల మీద పెట్టి తలుపు కీళ్లు, తర్వాత అద్దం, ఆఖరున పలక. ఈ వరస తప్పకూడదు.

పాత బీడింగ్‌ని గోటితో నొక్కి చూడాలి. వెంటనే పైకి లేవకపోతే రబ్బరు గట్టిపడినట్టే. మార్చడం తప్ప మందు లేదు.

బీడింగ్‌ మీద కాగితం ముక్క పెట్టి పలక మూసి, కాగితాన్ని లాగాలి. కాస్త పట్టి వదలాలి. ఊరికే వచ్చేస్తే అక్కడ సందున్నట్టు. చిరిగిపోతే మరీ బిగుతన్నట్టు. చుట్టూ జానెడుకోచోట ఇలా చూడాలి.

లాకు కొక్కేన్ని ఒకేసారి తిప్పేయకూడదు. పావు చుట్టు తిప్పి, మళ్లీ కాగితంతో చూడాలి. రెండు పక్కలా సమానంగా తిప్పాలి. మొదలుపెట్టేముందు పాత స్థానాన్ని సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే, తప్పినా వెనక్కి రావచ్చు.

ఒకరు లోపల కూర్చుని, మరొకరు చెంబుతో నెమ్మదిగా పైనుంచి కిందికి నీళ్లు పోయాలి. పైపుతో జోరుగా కొడితే ఎక్కడినుంచి కారుతోందో తెలీదు.

తీసిన పలకల్ని నేలమీద పెట్టకూడదు. దుప్పట్లో చుట్టి నిలువుగా ఆనించాలి.

ఇన్ని చేసినా సీటు తడుస్తూనే ఉంటే? అప్పుడు చూడాల్సింది అందరూ మరిచిపోయే చోటు. పలక చుట్టూ ఉండే సన్నటి కాలువ! గట్టి టాపు నీళ్లని పూర్తిగా ఆపదు. కొంత నీరు ఆ కాలువలోకి రానిచ్చి, మూలల్లో ఉన్న కన్నాల గుండా, గొట్టాల గుండా కిందికి పంపేస్తుంది. ఆ కన్నంలో ఓ వేపాకు ఇరుక్కుంటే చాలు. నీళ్లు నిండుతాయి. బయటికి దారిలేక లోపలికి పొర్లుతాయి. వేల రూపాయలు పోసి రబ్బరు మార్చినా ఫలితం ఉండదు. మెత్తటి ప్లాస్టిక్‌ తీగ దూర్చి ఆ ఆకు తీసేస్తే ఖర్చులేకుండా పని అయిపోతుంది!

కొల్లేరు... మూసుకుపోతున్న కన్నం

ఏలూరు దాటి దక్షిణంగా లంకల దారి పట్టాక, అదే సంగతి ఇంకా పెద్ద కొలతలో కళ్లముందు కనిపిస్తుంది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు... ఎక్కడెక్కడి వాననీరూ వచ్చి చేరేది ఇక్కడికే. వచ్చిన నీరు సముద్రానికి వెళ్లాలంటే ఉన్నది ఒకటే దారి, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ బంగాళాఖాతంలో కలుస్తుంది. నీళ్లు ఒక్కసారిగా వచ్చినప్పుడు పట్టి ఉంచి, నెమ్మదిగా వదలడం కొల్లేటి పని. రెండు డెల్టాల వరద బరువు మోసే సరస్సు ఇది.

ఆ పళ్లెంలోనే చేపల చెరువులు వెలిశాయి. గట్ల మీద గట్లు లేచాయి. ఉప్పుటేరులో పూడిక పేరుకుంది. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలగా రామ్‌సర్‌ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్‌ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లను తెగ్గొట్టారు. కొందరు సంతోషించారు. చెరువు మీదే బతుకు పెట్టుకున్న లంక జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. రెండూ నిజాలే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచినప్పుడు ఆ నీళ్లన్నీ దిగివచ్చింది ఈ పళ్లెంలోకే. ఏలూరు-కైకలూరు రహదారి మీదికి నీళ్లెక్కాయి. లంక ఊళ్ల చుట్టూ నీరు రోజుల తరబడి కదల్లేదు. కన్నం దగ్గర ఆకు ఇరుక్కున్న కారులాగే!

టాపు లేని బండిలోంచి చూస్తే ఇదంతా ఒక్క చూపులో అర్థమవుతుంది. ఎడమవైపు చెరువు గట్టు. కుడివైపు చెరువు గట్టు. మధ్యలో ఎత్తు చేసిన రోడ్డు. దూరంగా గుర్రపుడెక్క కమ్మేసిన కాలువ. అక్కడక్కడా గట్టుకి కట్టేసిన తాటిదోనె. ఊరు రాగానే మెరక మీద ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. నీటికి భయపడి దగ్గరగా జరిగి కూర్చున్నట్టుంటాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణంలో జరిగే జాతరకి చుట్టుపక్కల జనమంతా అక్కడే ఉంటారు.

చినుకు పడితే...

కైకలూరు దగ్గరి ఆటపాక చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. పక్షుల కోసం చెరువులో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు బారులు తీరి ఉంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడ వాటిదే రాజ్యం. టాపు లేని జీపులో కూర్చుని తలెత్తితే, బరువైన ఆ పక్షులు రెక్కలు పెద్దగా ఆడించకుండా గాలిమీద తేలుతూ నెత్తిమీదుగా సాగిపోతాయి. అద్దంలోంచి చూస్తే పక్షి కనిపిస్తుంది. పైన అడ్డం లేకపోతే దాని రెక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇంత దూరం టాపు తీసి వచ్చింది దీనికోసమే!

పులిహోర అయిపోతుంది. అరిటాకులు మడుస్తారు. అంతలో సముద్రం వైపు నుంచి గాలి మారుతుంది. కార్తీకంలో బంగాళాఖాతంలో వాయుగుండాలు మామూలే. చెరువు నీటి మీద రంగు తేడా కనిపిస్తుంది. దూరంగా గట్టు మీద తాటిచెట్లు మసకబారతాయి.

‘తాతయ్యా, వానొస్తోంది!’

‘రానీరా. ముందు అద్దం దగ్గర పట్టుకో. లాగకు... ఊరికే పట్టుకో. ఏవమ్మా, నువ్వు ఆ పక్కన. నేను ఈ పక్కన. ఒకటి నువ్వు పెడితే ఒకటి నేను.’

ముందు అద్దం, నడిమధ్య, కుడి, ఎడమ, కుడి, ఎడమ. పొద్దున తీసేటప్పుడు సరదాగా చూసిన పట్టీలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటిగా తమ కన్నాల్లోకి వెళతాయి. ఆఖరి పక్కతెర పడేసరికి చినుకులు టపటపా మొదలవుతాయి. లోపల అందరూ ఒకరికొకరు ఆనుకుని కూర్చుంటారు. పిల్లవాడి వేలు పైకి లేస్తుంది. ‘తాకకు!’ అని నలుగురూ ఒక్కసారే అరుస్తారు.

వాన జోరందుకుంటుంది. గుడ్డ తడుస్తుంది, ఉబ్బుతుంది, కాస్త బిగుస్తుంది. వదిలిపెట్టిన ఆ కొంచెం వదులూ ఇప్పుడు సరిపోతుంది. ఒక్క చుక్క కూడా లోపలికి రాదు. బయట కొల్లేరు మాత్రం నిండుతూనే ఉంటుంది. ఉప్పుటేరు దారి ఇస్తుందా లేదా అని లంకల్లో ఎవరో గుమ్మంలో నిలబడి నీటివంక చూస్తూనే ఉంటారు. ఇంటికి వెళ్లాక తాతయ్య చేసే మొదటి పని టాపు విప్పి ఆరేయడం. రెండోది, కన్నాల్లో ఆకులేమైనా ఇరుక్కున్నాయేమో చూడ్డం. నీళ్లు వెళ్లే దారిని వానకి ముందే చూసుకోవాలని ఆయనకి తెలుసు!